ఉప్పునీళ్ళకు ఊడని జిగురు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదని నా గట్టి నమ్మకం. (తెలిసినవి రెండో మూడో ఉండేవేమో!) అరవైల చివరి మాట. నెల్లూరు జిల్లా కోట అనే ఊళ్ళో మా బావ, అంటే మా అక్క భర్త, రబ్బరు చెప్పులు తయారుచేసేవాడు. ఆయన దగ్గరే పని నేర్చుకుంటూ, నెల్లూరులో పెట్టబోయే రెండో కొట్టు నాకే అప్పగిస్తాడని ఆశపడుతుండేవాణ్ణి. అప్పుడే మద్రాసు వ్యాపారి ఒకాయన కొత్తరకం రబ్బరు పలుకులు మచ్చుకు ఇచ్చి వెళ్ళాడు. గంధకం కలిపి ఉడికించే పని లేదు. వేడిచేస్తే పాకంలా కరుగుతుంది, చల్లారితే మళ్ళీ సాగే రబ్బరే. దానితో జిగురు చేసి చెప్పు అడుగున రెండు అట్టలు అతికించాను. ఇద్దరం చెరోవైపు లాగినా ఊడలేదు.

"కొన్నాళ్ళు తొడిగి చూద్దాం అబ్బయా, తొందరేముంది?" అన్నాడు బావ.

"నువ్వు చూస్తా ఉండు బావా," అని ఆ చెప్పుల్ని మూడు రోజులు ఉప్పునీళ్ళ బానలో నానేశాను. సముద్రం పక్కన పుట్టినవాళ్ళం, చెప్పులకు శత్రువంటే మాకు ఉప్పునీళ్ళే. చెక్కుచెదరలేదు. ఆ ధైర్యంతో మా చర్చిలో పాటలు పాడే ఇరవై మందికీ వేసవి ప్రార్థన కూటాల కోసం అదే జిగురుతో చెప్పులు చేసిచ్చాను.

కూటం రోజు అందరూ ఎప్పటిలాగే చెప్పులు బయట సిమెంటు గచ్చు మీద విడిచి లోపలికి వెళ్ళారు. మే నెల ఎండ. ఆ వేళే పాస్టరు అయ్యగారికి ఆవేశం వచ్చి గంటన్నర ప్రసంగించారు. బయటికొచ్చి చెప్పులు తొడిగి అడుగేస్తే పల్చటి పై అట్ట కాలితో వచ్చింది, కింది అట్ట గచ్చునే పట్టుకుంది. ఇరవై మందీ గెంతులే గెంతులు. (నిజం చెప్పాలంటే, లోపల పాటకన్నా ఇక్కడే తాళం కుదిరింది.)

"ఎవురయ్యా ఇవి అతికించింది? అరికాళ్ళు కాలిపోతా ఉండాయి!" అని అరిచింది పాటలు నేర్పే అక్క.

నేను మెల్లగా బావ వెనక్కి జరిగాను. వేడికి కరుగుతుందని ఊరంతా చెప్పుకు తిరిగినవాడికి, ఎండ కూడా వేడేనని తట్టలేదు! కొట్టు మీద ఆశ వదులుకున్నాను.

"నేనే అక్కా. కొత్త సరుకు, తెలీక చేసినా. పొద్దుగూకేలోగా కుట్టిస్తా," అన్నాడు బావ. ఆయన వెనక నిలబడి నేనూ తలూపాను.

ఇద్దరం తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె, దారం పట్టుకుని సాయంత్రం దాకా కుట్టాం. ఆఖరి జత అయ్యాక, "రేపు నెల్లూరు పోయి నీ కొట్టుకు చోటు చూద్దాం. ఇంక నువ్వు తొందరపడవులే," అన్నాడు బావ. నాకు ఏడుపొచ్చింది.

ఆనాడు తలూపిన ఆ మొనగాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. అందరి ముందూ నిజం ఒప్పుకుందామంటే నా నింద మోసిన బావా లేడు, ఆ ఇరవై మందిలోనూ ఎవరూ మిగల్లేదు. అందుకని మీకు చెబుతున్నాను. వాటిని అతికించింది నేనే.