శౌరమ్మ పోసిన నీళ్ళు

మదనపల్లెలో సిస్టర్లు నడిపే చిన్న ప్రసూతి ఆసుపత్రి ఒకటి ఉండేది. అందులో ఆయాగా పనిచేసే శౌరమ్మ నేల తుడుస్తున్నా, పసిబిడ్డలకు స్నానం చేయిస్తున్నా నోట్లో మాత్రం జ్ఞానోపదేశం నడుస్తూనే ఉండేది. జ్ఞానోపదేశమంటే ప్రశ్నలూ జవాబులూ. దేవుడెవరు, పాపమంటే ఏమిటి, ఏది చేయవచ్చు, ఏది కూడదు, అన్నీ ప్రశ్నగా అడిగి జవాబుగా చెప్పే చిన్న పుస్తకం. శౌరమ్మ చిన్నతనంలో దాన్ని ఒక ముసలి సిస్టరు దగ్గర నేర్చుకుంది. ఆ సిస్టరు బెత్తానికి జడిసి గుడి పిట్టగోడ మీద వాలే కాకులు కూడా మొదటి పాఠం అప్పజెప్పి గానీ ఎగిరేవి కావని చెప్పుకునేవారు. కాకుల సంగతి ఎలా ఉన్నా, శౌరమ్మకు మాత్రం మొదటి ప్రశ్న నుంచి చివరి జవాబు దాకా ఒక్క పొల్లు పోకుండా వచ్చు.

బతుకులో ఏ చిక్కు వచ్చినా ఆమె చేసే పని ఒకటే. కళ్ళు మూసుకుని ఆ చిక్కు ఏ ప్రశ్న కిందికి వస్తుందో వెతికేది. ప్రశ్న దొరికితే జవాబు దాని తోక పట్టుకుని వచ్చేది. పక్కింటి కోడి తన పెరట్లో గుడ్డు పెట్టిన రోజున కూడా ఆమె అలాగే వెతికి, ఆ గుడ్డును చీరకొంగులో పెట్టుకుని పక్కింటికి ఇచ్చి వచ్చింది. పెళ్ళీ అంతే. మేనమామ రాయప్పకు ఆమె మీద, ఆమెకు అతని మీద మనసు ఉండేది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళి కూడదని పుస్తకంలో ఉంది. ఫాదరు ఆ జవాబు చెప్పమన్నాడు, ఆమె చెప్పింది. చెప్పేశాక ఇక మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు. ఆమెను చిన్నప్ప అనే కూలి మనిషికి ఇచ్చారు. మంచివాడే.

పంతొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరం వానాకాలంలో పుంగనూరు పక్క పల్లె నుంచి రెడ్డెమ్మ అనే రైతుల ఇంటావిడను కాన్పుకు తెచ్చారు. అంతకు ముందు పుట్టిన బిడ్డలెవరూ ఆమెకు దక్కలేదు. భర్త వెంకటప్ప వరండాలో తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. కష్టం మీద ఆడపిల్ల పుట్టింది. ఒళ్ళంతా నీలం. ఏడుపు లేదు, కదలిక లేదు. తల్లికి రక్తం ఆగడం లేదని డాక్టరు సిస్టరూ నర్సులూ ఆమె చుట్టూ మూగారు. బిడ్డ ఇక దక్కదనుకుని గుడ్డలో చుట్టి శౌరమ్మ చేతికిచ్చి పక్క గదిలోకి పంపారు.

శౌరమ్మ కళ్ళు మూసుకుంది. వెతకనవసరం లేకుండానే ప్రశ్న ఎదురొచ్చింది. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ఫాదరు లేనప్పుడు ఎవరు జ్ఞానస్నానం ఇవ్వవచ్చు? ఎవరైనా ఇవ్వవచ్చు. ఎలా ఇవ్వాలి? తల మీద నీళ్ళు పోస్తూ మంత్రం చెప్పాలి. మూలనున్న కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, బిడ్డ మాడు మీద పోసి, "పిత పుత్ర పవిత్రాత్మ నామమున" అంది. ఎన్ని నీళ్ళు పోసిందో ఆమెకే తెలియదు. మట్టికుండ నీళ్ళు, వానాకాలపు చలి. బిడ్డ తుమ్మింది. తర్వాత ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకు హార్స్లీ హిల్స్ మీద బంగళాల్లో పడుకున్న కుక్కలు లేచి మొరిగాయని ఆసుపత్రి వాచ్‌మన్ చచ్చేదాకా చెబుతూ ఉండేవాడు.

అందరూ పరుగెత్తుకొచ్చారు. బిడ్డ తల ఎందుకు తడిసిందని ఎవరూ అడగలేదు. పుట్టిన బిడ్డ తల తడిగానే ఉంటుంది గదా. శౌరమ్మ సంతోషంతో ఏడ్చింది. ఆ సంతోషం గుడ్డలు పిండి ఆరేసేంత సేపు కూడా నిలవలేదు. ఎందుకంటే ఆ జవాబు వెనక ఇంకొక ప్రశ్న ఉంది. జ్ఞానస్నానం పొందిన బిడ్డ ఎవరి బిడ్డ? దేవుని బిడ్డ, తిరుసభ అనే క్రైస్తవ సంఘపు బిడ్డ. దాని వెనక ఇంకొకటి. ఆ బిడ్డను ఎలా పెంచాలి? క్రైస్తవ విశ్వాసంలో పెంచాలి. చనిపోయే బిడ్డకని పోసిన నీళ్ళు బతికే బిడ్డకు పడ్డాయి. ఈ సంగతి భూమి మీద తెలిసిన మనిషి శౌరమ్మ ఒక్కతే.

ఆసుపత్రికి పెద్దయిన మదర్‌కు చెబుదామని తలుపు దాకా వెళ్ళింది. చెబితే మదర్ బిడ్డ ఇంటివాళ్ళకు చెప్పాలంటుందేమో. ఇంటివాళ్ళకు తెలిస్తే పల్లె పల్లెంతా బండ్లు కట్టుకుని ఆసుపత్రి మీదికి వస్తుందేమో. మా బిడ్డను మాకు తెలియకుండా మీ మతంలో కలిపేశారంటే ఏం చెప్పాలి? తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఆమె కడుపులో ఒక రాయి పడింది.

బిడ్డకు వసంత అని పేరు పెట్టారు. శౌరమ్మ చేతిలోనే పిల్ల ఏడ్చింది కాబట్టి ఆమెది చల్లని చెయ్యి అని రెడ్డెమ్మ నమ్మకం. పండగకీ పబ్బానికీ కబురు పెట్టేది. శౌరమ్మ వెళ్ళేది. పిల్లకు మాటలు వచ్చాక ఆడిస్తున్నట్టు పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా మొదటి ప్రశ్న అడిగింది.

"నిన్ను ఎవురు చేసినారమ్మా?"

"మా నాయన."

"ఆయన కన్నా పైన ఒకరుండారు."

"పైన మా అవ్వ ఉండాది. మిద్దె మీద మిరపకాయలు ఎండబెడతాండాది."

రెడ్డెమ్మ విని నవ్వింది. దేవుని మాటలే గదా నేర్పుతోంది అనుకుంది. దేవుడు అన్ని చోట్లా ఉన్నాడన్న జవాబు ఆమెకూ నచ్చింది. కానీ ఒకరోజు పిల్ల అన్నం ముందు కూర్చుని నొసటి మీదా గుండె మీదా భుజాల మీదా చేయి ఆడించింది. ఈగలు తోలుకుంటోందనుకుని అవ్వ విసనకర్ర తెచ్చింది. అది శిలువ గుర్తని శౌరమ్మకు తెలుసు. ఆ రోజు నుంచి పాఠం మానేసింది. మానేసినందుకు ఒక భయం, మానకపోతే ఏమయ్యేదోనని ఇంకొక భయం.

కొన్నేళ్ళకు చిన్నప్పకు కుప్పం రైలుకట్ట మీద గ్యాంగ్‌మన్ ఉద్యోగం దొరికింది. శౌరమ్మ కొడుకును తీసుకుని కుప్పం వచ్చేసింది. దూరం పోతే భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. కుప్పం గుడిలో ఆదివారం పూజ తర్వాత పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే పని ఆమెకిచ్చారు. పిల్లలందరికీ అన్ని పాఠాలూ బాగా వచ్చేవి. అత్యవసర జ్ఞానస్నానం పాఠం మాత్రం ఎవరికీ వచ్చేది కాదు. ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ శౌరమ్మ నీళ్ళు తాగడానికి లేచిపోయేది, లేదా వాన వచ్చేట్టు ఉందని పిల్లల్ని ఇళ్ళకు పంపేది. కుప్పంలో ఆకాశం నిప్పులు కురిపిస్తున్నా సరే.

ఎనభై ఎనిమిదిలో వెంకటప్ప పట్టుగూళ్ళు అమ్ముకోవడానికి కుప్పం వచ్చి, పనిగట్టుకుని శౌరమ్మ ఇంటికి వచ్చాడు. వసంతకు పెళ్ళి కుదిరిందన్నాడు. రెడ్డెమ్మ తమ్ముడు మునిరత్నమే వరుడు. పిల్ల మేనమామ చేతికే పోతోంది, ఇంటి బిడ్డ ఇంట్లోనే ఉంటుందని ఆయన ముఖం వెలిగిపోతోంది. శౌరమ్మ ఆయన కోసం తెచ్చిన మజ్జిగ గ్లాసు ఇవ్వడం మరచి అలాగే నిలబడింది.

మేనమామ. తను వదులుకున్న వరుసే. ఆ జవాబు తన నోటితో తానే చెప్పి వదులుకుంది. ఇప్పుడు తను నీళ్ళు పోసిన బిడ్డ అదే పెళ్ళి చేసుకోబోతోంది. ఇది కూడదని తెలిసిన మనిషి తానొక్కతే. చెప్పకపోతే ఆ తప్పు తనది. చెబితే పెళ్ళి చెడుతుంది, ఒక ఇల్లు కూలుతుంది. అన్నం తిన్నా మట్టి తిన్నట్టే ఉంది. ఆమె చిక్కిపోవడం చూసి చిన్నప్ప జ్వరమేమోనని మిరియాల కషాయం పెట్టి తాగించాడు.

చివరికి తప్పులు ఫాదరుకు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళింది. కొత్తగా వచ్చిన ఫాదరు వయసులో చిన్నవాడు. అంతా విన్నాడు. నీళ్ళు పోస్తూ మంత్రం చెప్పావా, పోశాక చెప్పావా అని అడిగాడు, పోస్తూ చెబితేనే అది చెల్లుతుందన్నాడు. ఆమెకు గుర్తు రాలేదు. ఎంతో సేపు ఆలోచించింది, రాలేదు. దాంతో ఇంకా భయం వేసింది. ఏ ప్రశ్న కిందికి వస్తుందో చెప్పండి స్వామీ, ఆ జవాబు ప్రకారం చేస్తానంది.

"ఇది పుస్తకంలో లేదమ్మా," అన్నాడు ఫాదరు. "ఏమీ తెలియని ఆ పిల్ల మీద తప్పు లేదు. తెలిసిన నువ్వు ఏం చేయాలో నీ మనసునే అడుగు."

మనసును అడగడమెలాగో శౌరమ్మకు ఎవరూ నేర్పలేదు.

పలమనేరు మీదుగా పుంగనూరు బస్సెక్కింది. అసలు సంగతి చెప్పకుండా పెళ్ళి ఆపాలని దారి పొడుగునా సాకులు పేర్చుకుంది. ఇంట్లో రెడ్డెమ్మ ఒక్కతే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వసంత చీరలు కొనడానికి నాయనతో వెళ్ళిందట. శౌరమ్మ పక్కన కూర్చుని, తనూ గింజలు తీస్తూ, పిల్లకు ఇంకా చిన్న వయసే గదా అంది. మునిరత్నం వయసులో పెద్దవాడు గదా అంది. దగ్గరి సంబంధాలు ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారంట గదా అంది. రెడ్డెమ్మ చేయి ఆగింది.

"యాల శౌరమ్మా నీకింత అక్కర? నీ కొడుక్కి రైల్వేలో పని దొరికిందంట గదా."

శౌరమ్మకు మొదట అర్థం కాలేదు. తన కొడుకు కోసం పిల్లను అడగడానికి వచ్చానని రెడ్డెమ్మ అనుకుంటోందని తర్వాత తట్టింది. రెడ్డెమ్మ ఊరుకోలేదు.

"చల్లని చెయ్యని ఇంట్లోకి రానిస్తే, పిల్ల మీద కన్నేసి ఉండావా? ఇన్నేండ్లు వచ్చేది పోయేది దీనికేనా?"

"అట్లా అనొద్దమ్మా. సచ్చిపోతా నేను."

"మరి చెప్పు. ఏముండాది నీ కడుపులో?"

అప్పుడు చెప్పింది. కుండ, చెంబు, మంత్రం, తుమ్ము, అన్నీ చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేనని. చెప్పడం అయ్యాక రెడ్డెమ్మ ముఖం వైపు చూడలేక చింతపండు వైపు చూస్తూ కూర్చుంది. తిడుతుందని ఎదురుచూసింది. వెంకటప్పను పిలుస్తుందని, ఊరిని పిలుస్తుందని ఎదురుచూసింది. రెడ్డెమ్మ లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"ఆ నీళ్ళు తీసేదానికి అయితాదా?"

"కాదమ్మా. ఒకసారి పోస్తే పోసినట్టే."

దీనికి జవాబు పుస్తకంలో ఉంది కాబట్టి వెంటనే చెప్పగలిగింది.

"నువ్వు పోయకుంటే నా బిడ్డి లేచుండునా?"

"తెలీదమ్మా."

రెడ్డెమ్మ వేళ్ళు గింజల కోసం వెతుకుతున్నాయి, తీసిన చోటే మళ్ళీ వెతుకుతున్నాయి. పెళ్ళి పనులు సగం అయిపోయాయి. తమ్ముడు కొత్త పంచె కుట్టు అంచుదా, జరీ అంచుదా అని పొద్దున కూడా అడిగి వెళ్ళాడు. ఆ పిల్లకు మాటలు రాకముందు నుంచే నా పెండ్లాం ఇదేనని ఎత్తుకు తిరిగిన మనిషి. పిల్లకూ అతనంటేనే ఇష్టం.

"అయితే ఈ పెండ్లి చేస్తే నా బిడ్డికి కీడు జరుగుతాదా? అది చెప్పు నాకు."

శౌరమ్మ కళ్ళు మూసుకుంది. కూడదు అన్న జవాబు ఉంది. కీడు జరుగుతుందా అన్న ప్రశ్న లేదు. మొదటి పాఠం నుంచి చివరిదాకా వెతికింది. ఎక్కడా లేదు. ముసలి సిస్టరు అడగలేదు, ఫాదరు అడగలేదు. ఒక తల్లి అడుగుతోంది. ఏం చెప్పినా అది తన మాటే అవుతుంది. రేపు పిల్లకు కాలు నొచ్చినా తన మాటే గుర్తుకొస్తుంది.

"జరగదమ్మా," అంది.

"మీ పుస్తకంలో ఉండాదా?"

"లేదు."

"మీ ఫాదరు చెప్పినాడా?"

"ఆయనా చెప్పలేదు. నేను చెప్తాండా."

"నువ్వు చెప్తే చాలునా?"

రెడ్డెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు చెప్పకుండా ఉండుంటే బాగుండు గదా తల్లీ. ఇన్నేండ్లు నువ్వు మోసినావు. ఇంగ నేను మోయాల."

ఇంట్లో ఎవరికీ చెప్పవద్దని ఇద్దరూ అనుకున్నారు. ఆ మాట పైకి అనలేదు, వీధి తలుపు తీసినప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకేలా సర్దుకున్నాయి. ఆ సాయంత్రం బస్సులో శౌరమ్మకు ఎన్నో ఏళ్ళ తర్వాత ఆకలి వేసింది. పలమనేరులో దిగి బజ్జీలు కొనుక్కుంది. సగం తిన్నాక, పుంగనూరులో ఇప్పుడు రెడ్డెమ్మకు అన్నం దిగుతుందో లేదో అని తోచి మిగతావి పొట్లం కట్టేసింది.

పెళ్ళికి రావాలని రెడ్డెమ్మే కబురు పంపింది. మాటవరసకు కాదు, రాకపోతే ఊరుకోననేట్టు పంపింది. పందిట్లో ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. చుట్టాలు వింతగా చూశారు. పీటల మీద వసంత దగ్గితే ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. హోమం పొగకు కళ్ళు మండి పిల్ల కళ్ళు నులుముకుంటే ఇద్దరూ ఒకేసారి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. మునిరత్నం ఏదో చెవిలో చెప్పాడు, వసంత తల వంచుకుని నవ్వింది. మేళం గట్టిగా మోగింది. అతను తాళి కడుతున్నంతసేపూ రెడ్డెమ్మ చేయి శౌరమ్మ మణికట్టును గాజులు గుచ్చుకునేట్టు పట్టుకునే ఉంది.

"శౌరమ్మా," అంది చెవి దగ్గర, మేళం హోరులో ఇంకెవరికీ వినబడకుండా. "మా దేవుళ్ళందరికీ మొక్కినా. మీ దేవునికి గూడా ఒక మాట చెప్పి పెట్టు."

"అది పుట్టినప్పటి నుంచి చెప్తానే ఉండానమ్మా."

"ఏమంటాండాడు?"

శౌరమ్మ పీటల వైపు చూసింది. చేతిలో అక్షింతలు చెమటకు తడిసి ముద్దయ్యాయి. వాటిని వేళ్ళతో విడదీసుకుంటూ, అందరితో పాటు చేయి ఎత్తింది.