నీలికుండ పక్కన గేదె

సిమ్మాలికి జోరీగలంటే ఒళ్లుమంట. ఇల్లరికపు అల్లుడు తొంగ్వన్ మీద అంత మంట లేదు గానీ, మాట వస్తే ఇద్దరినీ ఒకే గాటన కట్టేది. మగ జోరీగ పూలతేనె తాగి ఊరికే తిరుగుతుందనీ, గుడ్ల కోసం రక్తం వెతుక్కునే పాట్లన్నీ ఆడదానివేననీ, ఈ ఇంట్లోనూ అదే వరసేననీ దెప్పేది. తొంగ్వన్ నవ్వుకుంటూ జిగట అన్నం ఇంకో ముద్ద చేసుకునేవాడు.

ఆ ఏడు వానలు పడగానే సవన్నఖేత్ ప్రాంతపు వాగుల ఒడ్డు బురదలోంచి జోరీగలు దండుగా లేచాయి. వాళ్లకున్నది ఒక్కటే గేదె, నిండు చూలుతో ఉంది. జోరీగ దోమలా కుట్టి పోదు, చర్మం కోసి, కారిన రక్తం నాకుతుంది. వాటిని తోలుకోవడంతోనే సరిపోయి గేదె మేత మరిచింది, డొక్కలు లోపలికి పోయాయి. ఇలాగే ఉంటే దూడ దక్కదని సిమ్మాలికి బెంగ పట్టుకుంది.

ఎండలో ఎగిరే ఆ పురుగు చీకటి నీడలోకి రాదు. స్తంభాల మీద కట్టిన ఇల్లు, కింద కావలసినంత నీడ. కానీ అక్కడ సిమ్మాలి నూలుకు రంగేసే నీలికుండలున్నాయి. కడుపుతో ఉన్నవాళ్లు దగ్గరికొస్తే కుండలో పులిసే నీలి చచ్చిపోతుందని, ఇక నూలుకు రంగు పట్టదని వాళ్లమ్మ చెప్పిన మాట. నెలలు నిండుతున్న కన్నకూతురు విలైనే కుండల పక్కనున్న మగ్గం దాకా రానివ్వని మనిషి, గేదెను రానిస్తుందా?

బదులుగా తను నేసి, ముదురు నీలిలో ముంచిన కొత్త దుప్పటి తెచ్చి గేదె మీద కప్పింది. మధ్యాహ్నానికి చూస్తే దుప్పటి కనబడకుండా జోరీగలు ముసురుకున్నాయి. అంచు కింద దూరి పొట్టంతా నెత్తురు చేశాయి.

"ముదురు రంగంటే వాటికి పిచ్చి అత్తా. నీలి చొక్కా వేసుకుని పొలానికెళ్తే నన్నూ పీక్కుతింటాయి," అన్నాడు తొంగ్వన్.

"మరి ముందే ఏడవొచ్చుగా?"

"నీ గుడ్డకు వంక పెట్టి ఈ ఇంట్లో అన్నం తినగలనా?"

సిమ్మాలి దుప్పటి లాగేసింది. గేదె బురదలో కూలబడింది, చెవులాడించడం కూడా మానేసింది. ఆ కుండల్లో నీలి వాళ్లమ్మ నాటి నుంచి చావకుండా కాపాడుకొచ్చినది. అయినా కళ్లెదుట ప్రాణం పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. పలుపు తానే పట్టుకుని గేదెను లేపి ఇంటి కిందికి తోలుకొచ్చింది. కుండకు దణ్ణం పెట్టి, తప్పు తనదేనని చెప్పుకుంది.

నీడలోకి జోరీగ ఒక్కటీ రాలేదు. గేదె మేత అందుకుంది. వారం తిరక్కుండా కుండల పక్కనే ఈనింది. అన్నాళ్లూ భయంతో మూత తీయని సిమ్మాలి, దూడ తడబడుతూ లేచి నిలబడ్డాక ధైర్యం చేసి నూలు చిలప ఒకటి కుండలో ముంచింది. ఆకుపచ్చగా పైకొచ్చిన నూలు గాలి తగిలి మెల్లగా నీలమైంది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్ని నెలలూ కూతురు పైనుంచి తొంగి చూడడమే గుర్తొచ్చింది.

నిచ్చెన దగ్గరికెళ్లి పైకి పిలిచింది.

"విలై, దిగి రావే. నూలు ముంచుదువుగాని. మెట్లు చూసుకుని దిగు."