చెరువు కట్ట మీద హాజరు

పెద్దయ్యవారు పోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. పామిడి సంతకు గొర్రెలు తోలుకొచ్చిన ఆయన ఊరి మనిషి నన్ను గుర్తుపట్టి, "ఏం సాయిబయ్యవారూ, నీకు తెల్దా? మన పెద్దయ్యవారు పోయినాడు. ఆదివారం మట్టి చేస్తిమి" అన్నాడు. చేతిలోని వంకాయల సంచి అక్కడే మరిచిపోయి బస్సెక్కాను. మట్టిలో కలిసిపోయిన మనిషి కోసం ఇప్పుడా తొందర ఎందుకో నాకే తెలియదు.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఉండరు. ముదిగుబ్బ దాటినాక బస్సు దిగి రెండు కోసులు నడిస్తే వచ్చే పల్లెలో, సొంత ఇంటి సావిట్లో ఎయిడెడ్ బడి పెట్టిన మనిషి. దానికి మేనేజరూ ఆయనే, పెద్ద పంతులూ ఆయనే. చిన్న పంతుల్ని నేను. ట్రైనింగు పాసై, సాయిబుల పిల్లోనికి ఉద్యోగం ఎవరిస్తారని తిరుగుతుంటే పిలిచి రెండే ప్రశ్నలు అడిగారు. "లెక్కలొచ్చునా?" వచ్చునన్నాను. "కోపమొస్తాదా?" వస్తుందన్నాను. "లెక్కలు చెప్పేటప్పుడు రాకుంటే చాలప్పా. రేప్పొద్దున రా" అన్నారు. అంతే, ఉద్యోగం ఇచ్చేశారు.

హాజరు పట్టీ అంటే ఆయనకు మహా భక్తి. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని గానీ దాన్ని ముట్టేవారు కాదు. రాని పిల్లోని పేరు దగ్గర ఆగి, "యాడికి పోయినాడు?" అని అందర్నీ అడిగి, ఆ జవాబును చివరి గడిలో రాసేవారు. 'గొర్రెల వెంట.' 'చెల్లెలికి జొరం.' 'బళ్ళారికి కూలికి.' ఎందుకండీ ఈ రాతలంటే, "పైన సదువుతారప్పా. మన పిల్లోళ్ళ కష్టం వాళ్ళకు ఇంకెట్ల తెలుస్తాది?" అనేవారు. పైన ఎవరో కూర్చుని మా పట్టీ చదువుతారని ఆయన నమ్మకం. దేవుడి మీద కూడా అంత నమ్మకం ఉండేది కాదేమో.

ఎయిడెడ్ బడికి సర్కారు సొమ్ము ఎట్లా వచ్చేదో ఇప్పటి కుర్ర పంతుళ్ళకు తెలియదు, చెబుతాను వినండి. నెలనెలా జీతాలని ఏమీ లేవు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, హాజరు పట్టీ చూసి, పిల్లల తలలు లెక్కబెట్టుకుని పోయేవాడు. తలలుంటే గ్రాంటు, లేకుంటే కోత. వానలు పడిన ఏడు పిల్లలు బడికొస్తారు, సొమ్మూ వస్తుంది. వాన మొహం చాటేసిన ఏడు పిల్లలు కూలికి పోతారు, ఆ ఏడే గ్రాంటు కూడా తెగ్గోస్తారు. ఎవరు కనిపెట్టారో గానీ ఈ రూలు, వాళ్ళు మా అనంతపురం ఎండలో ఒక్క పూట నిలబడిన మనుషులు కారు.

అందుకే తనిఖీ నాడు పక్క ఊరి పిల్లల్ని అరువు తెచ్చుకోవడం మా దిక్కు బళ్ళలో మామూలు. పిడికెడు బొరుగులూ బెల్లం ముక్కా పెడితే ఏ పిల్లోడైనా ఒక పూట ఏ పేరుకైనా పలుకుతాడు. ఇన్‌స్పెక్టర్లకూ ఈ భాగోతం తెలుసు. చూసీ చూడనట్టు రాసుకుని, మజ్జిగ తాగి పోయేవాళ్ళు.

ఒక కరువేడు మా చెరువులో పూడిక తీసే పని పెట్టారు. తట్ట మోస్తే పిల్లలకూ గంజి పోస్తారు. వారం తిరిగేసరికి బళ్ళో నేనూ, ఆయనా, గోడ మీద రెండు బల్లులూ మిగిలాం. "పిల్లోళ్ళు ఈడికి రాలేరు. మనమే ఆడికి పోదాం పా" అన్నారు. నల్లబల్ల నా నెత్తిన, పట్టీ ఆయన చంకన. గంజి తాగాక దొరికే కొంచెం సేపట్లో కట్ట మీదే పాఠం. మట్టి చేతులతోనే పలకలు పట్టేవాళ్ళు. ఎవడైనా కునుకు తీస్తే నేను గద్దించబోయేవాణ్ని. "లేపొద్దప్పా, ఈ కునుకైనా పోనీ వాన్ని" అనేవారు.

అక్కడా చేతులు కడుక్కునే హాజరు వేసేవారు. తాగడానికి తెచ్చుకున్న చెంబు నీళ్ళలోంచే. ప్రతి పేరు పక్కన చివరి గడిలో 'చెరువు పని కాడ' అని రాశారు. ఆర్నెల్లు రాశారు.

తనిఖీ వస్తుందనగా నేను బతిమాలాను. పట్టీ మార్చి రాద్దాం, పక్క ఊరి మేనేజరు ముప్పై మందిని పంపిస్తానంటున్నాడు అని. ఆయన నా మొహంలోకి చూసి, "మన పిల్లోళ్ళు మన కండ్ల ముందర మట్టి మోస్తాంటే, వాళ్ళ పేర్లు ఎవురికో పెట్టేదా? నాకు చేతకాదప్పా. పైన సదవనీ. సదివితే ఇంకో గరిటె గంజి పంపుతారేమో" అన్నారు.

ఇన్‌స్పెక్టరు చదివాడు. చదివి తల పట్టుకున్నాడు. "ఏమయ్యా, బడి అంటే గుర్తింపు ఇచ్చిన ఇల్లు. చెరువు కట్టకు ఎవరిచ్చారు గుర్తింపు? ఈ ఒక్క మాట రాయకుంటే నేను కళ్ళు మూసుకుని పోయేవాణ్ని కదా!" అన్నాడు. దుర్మార్గుడేం కాదు. ఆర్నెల్ల హాజరూ ఎర్ర సిరాతో కొట్టేసి, మజ్జిగ కూడా ముట్టకుండా పోయాడు. ఆ ఏడు గ్రాంటు రాలేదు. మరుసటేడు గుర్తింపు కూడా తీసేశారు. పెద్దయ్యవారు అర్జీ పట్టుకుని అనంతపురం ఆఫీసుకు మూడుసార్లు పోయి, అరుగు మీద కూర్చుని కూర్చుని వచ్చారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ నిజం మీరే వండుకు తినండి" అని ఆయన మొహం మీదే అని, మూట సర్దుకున్నాను. ఆయన లోపలికి పోయి, విత్తనానికని దాచుకున్న శనక్కాయల్లో సగం గోతాంలో పోసి తెచ్చారు. "నీకు జీతం ఇయ్యలేకపోతి. ఉండాది ఇదే, తీసుకోప్పా" అన్నారు. తీసుకున్నాను. ఆ ఇంట్లో వాళ్ళు ఏం విత్తుకుంటారని కూడా అడగలేదు. పన్నెండేళ్ళ తర్వాత ఇప్పుడు నా నోరు పెట్టి నన్నే తిట్టుకుంటున్నాను. అయినా ఆ కోపం పూర్తిగా పోలేదు. ఆ ఒక్క మాట ఎందుకు రాశారండీ?

నేను పోయేసరికి ఊరు ఊరంతా ఆయన అరుగు మీదే ఉంది. అమ్మ, అంటే ఆయన భార్య, నన్ను చూసి ఏడవలేదు. "బడి మూసినంక గూడా పొద్దున్నే చేతులు కడుక్కోని ఈ అరుగు మీద కూచునేవాడప్పా. ఎవురొస్తారని?" అంది.

ఊరివాళ్ళే కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. పంచాయతీ సమితికి అర్జీ రాయాలట, ఈ ఇంట్లోనే మళ్ళీ బడి పెట్టమని. ఊరు ఖర్చులో తన వాటా సొమ్ము ముందు కడితే తప్ప సమితి కదలదని నాకు తెలుసు. వాళ్ళకూ తెలుసు. సమితికి ఇది నాలుగో అర్జీ. అయినా రాసిచ్చాను.

అందరూ ఆయన దగ్గర ఒకటి రెండేళ్ళు చదివినవాళ్ళే. వరసగా వచ్చి బొటనవేళ్ళు సిరాలో అద్ది ముద్ర వేసి పోతున్నారు. చివర్లో చంకన బిడ్డతో నరసమ్మ అనే అమ్మాయి వచ్చింది. "నేను పేరు రాస్తా అయ్యవారూ, బడి మూసినప్పుడు రెండో తరగతిలో ఉంటి" అని నా పెన్ను తీసుకుంది. కాగితం మీదికి వంగి, నాలుక పంటి కింద పెట్టుకుని, మెల్లగా రెండక్షరాలు రాసింది. మూడోది రాలేదు. పెన్ను అట్లాగే పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను నా చేతికిచ్చి, బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, ఆ రెండక్షరాల మీదే బొటనవేలు ఒత్తింది.