బీడీకట్ట మీది అంజన్న

బెల్లంపల్లి బొగ్గుబాయిల కాడ లేచే పొగలో సగం బొగ్గుది, తక్కిన సగం మా తాత ఇస్తారిది. ఈ మాట విన్నోళ్లు నవ్వుతరు. ఎందుకంటే ఇస్తారి బుద్ధెరిగినప్పటి నుంచి బీడీ ముట్టలేదు. పక్కన ఎవరన్నా అంటిస్తే చాలు, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని, దగ్గుకుంట అవతలికి పోతడు. అయినా పొగ మాత్రం ఆయనదే.

ఇస్తారిది చొప్పదండి. దుకాణాలకు బోర్డులు రాయడం ఆయన పని. నిజాం ఉన్నప్పుడు ఉర్దూలో రాసేటోడు. అందులో ఒక్క అక్షరం చదవరాదు. ఎవరన్నా కాగితం మీద రాసిస్తే, పిట్టను చూసి పిట్టను గీసినట్టు గీసేటోడు. ఒకసారి కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని సగం బోర్డు గీసిండట. అది తప్పని దుకాణపాయన చెప్పేదాకా తెలియలేదు. తర్వాత రాజ్యం మారింది, అందరూ తెలుగు బోర్డులు అడిగిండ్రు. ఇస్తారికి అవి కూడా బొమ్మలే.

రంగుల కన్నా ఆయనకు ఇంకో పిచ్చి పెద్దది. జనం ఒక దుకాణంలోకి ఎందుకు పోతరు, పక్కదాంట్లోకి ఎందుకు పోరు అని చూడడం. బోర్డు రాయమని ఎవరు పిలిచినా ముందు ఎదురుగా ఒకపూట ఊరికే కూచునేటోడు. కటింగు దుకాణపాయన కత్తెర బొమ్మ వెయ్యమంటే వెయ్యనన్నడు. ఎదురింటి దర్జీ బోర్డు మీద అప్పటికే కత్తెర ఉన్నది. నీ గిరాకీ పోయి ఆయన ముందర తల వంచుతదని చెప్పి, దువ్వెన వేసిచ్చిండు.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో రాజం సేటు ఊళ్లో బీడీల కార్ఖానా పెట్టిండు. కార్ఖానా అంటే ఒక పెంకుటిల్లు, బీడీలు కాచే ఒక భట్టి, వరండాలో చాటలు ఒళ్లో పెట్టుకొని తునికాకు చుట్టే ఆడోళ్లు. వాళ్లలో ఇస్తారి భార్య, మా బాపమ్మ కొమురవ్వ కూడా ఉండేది. వానాకాలం బోర్డుల పని ఉండదు. అప్పుడు ఇల్లు నడిచేది కొమురవ్వ చేతుల మీదనే.

కట్టకు చుట్టే కాగితం మీదికి బొమ్మ కావాలని సేటు ఇస్తారిని అడిగిండు. ఏనుగు, పులి, గడియారం అన్నీ వేరేవాళ్లు పెట్టుకున్నరు. అక్షరం రాని మనిషి కూడా దూరం నుంచే గుర్తుపట్టే మొఖం ఏదని ఆలోచించి, ఇస్తారి కొండగట్టు అంజన్నను గీసిండు. ఒళ్లంతా సిందూరం, భుజం మీద గద. తన చేతినుంచి వచ్చినవాటిలో అంత మంచి బొమ్మ లేదని ఇప్పటికీ అంటడు. కరీంనగర్ ప్రెస్సులో అచ్చు వేయించిండ్రు.

మొదటి సరుకు బెల్లంపల్లికి పోయి చిటికెలో ఖతమైంది. సేటు ఖుషీ అయిపోయి దానికి రెండింతలు చేయించిండు. ఆ సరుకు మాత్రం కదలలేదు. కొట్లవాళ్లు వాపసు పంపుడు మొదలుపెట్టిండ్రు. వానలు మొదలయ్యే మిరుగు కార్తె దగ్గరికొచ్చింది. చెమ్మ తగిలితే బీడీకి బూజు పడతది. వానలు పడేలోపల ఈ సరుకు పోకుంటే కార్ఖానాకు తాళం వేస్తనని సేటు ఆడోళ్లందరి ముందు చెప్పిండు.

కొమురవ్వ ఆ మాట ఇంటికి మోసుకొచ్చి, మొగని ముందర దించింది. "ఊళ్లె అందరి దుకాణాల ముంగట కూసుంటవు. నీ పెండ్లాం కూలి ఎందుకు పోతుందో, ఆడికి పోయి కూసోరాదా?"

తెల్లారి ఇస్తారి పెద్దపల్లికి పోయి రైలెక్కిండు.

బెల్లంపల్లిలో బాయి గేటు ముందర గంగుబాయికి చిన్న కొట్టు ఉన్నది. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర దిక్కు. కొట్టు తడికె నిండా అంజన్నలు వరుసగా అంటించి ఉన్నరు. ఒక్కొక్కరికి కుంకుమ బొట్టు. ఇస్తారి ఛాతీ ఉబ్బింది. ఆ బొమ్మలు గీసింది నేనే అని చెప్పుకున్నడు కూడా.

గంగుబాయి ఆయనను పైకీ కిందికీ చూసింది. "నీ దేవుడు మంచిగున్నడు దాదా. గందుకే నీ బీడీ ఎవలు తాగుతలేరు."

ఆమె చెప్పిందంతా ఇస్తారి నోరు తెరుచుకొని విన్నడు. మొదట అందరూ బొమ్మ కోసం కొన్నరు. బొమ్మ ఇంటిగోడ ఎక్కినంక రెండో కట్ట ఎందుకు? కట్ట విప్పాలంటే అంజన్నను నడుముల కాడ చింపాలె. చింపిన ముక్క కింద పడితే కాలు తగులుతది. కొండగట్టు మొక్కు ఉన్నోళ్లు మంగళవారం, శనివారం ఆ కట్ట దిక్కే చూడరు. ఆమె కూడా బీడీలు విడిగా అమ్మాలంటే తడిచేత్తో మెల్లగా కాగితం ఊడదీసి తడికెకు అంటించాలె. పారేస్తే పాపం, అంటిద్దామంటే జాగ లేదు.

మనుషులు దుకాణంలోకి ఎట్ల వస్తరో ఇన్నేండ్లు చూసిన మనిషి, కొన్నది పట్టుకొని బయటికి పోయి ఏం చేస్తరో ఎన్నడూ చూడలేదు. అక్కడే బల్ల మీద కూలబడ్డడు.

సైరన్ కూసింది. బాయిలోంచి పైకొచ్చినోళ్లు కొట్టుకు ముసురుకున్నరు. కట్ట కొన్నోళ్లు లేరు. విడి బీడీల డబ్బాలోంచి రెండో మూడో తీసుకొని పోతున్నరు. ముత్తయ్య అనే ముసలి కార్మికుడు మాత్రం నల్లటి వేళ్లతో డబ్బా అడుగుదాకా దేవులాడుతున్నడు. ఏం వెతుకుతున్నవని ఇస్తారి అడిగితే ఒక బీడీ పైకెత్తి చూపించిండు. దానికి ఎర్రదారం బదులు తెల్లదారం ఉన్నది.

"గీ తెల్లదారంయి గట్టిగ కడుతరు తమ్మీ. నడుమల ఆరిపోదు. ఎర్రయి ఎవల చేతియో ఎట్ల ఎరుకైతది?"

ఇస్తారి డబ్బాలోకి తొంగి చూసిండు. ఏ కార్ఖానా బీడీ అయినా ఎర్రదారమే. రంగుకాగితం గంగుబాయి కాడనే ఉండిపోతున్నది. తాగేటోని వేళ్ల నడుమకు పోయేవి ఆకు, దారం మాత్రమే. మరి ఈ తెల్లదారం ఎవరిది?

ఇంటికొచ్చి అడిగితే కొమురవ్వ మొఖం చిన్నగైంది. ఎర్రదారం ఉండ అయిపోయిందట, బొంతలు కుట్టే దారంతో కట్టిందట. కార్ఖానాలో చుట్టిన బీడీలు చూసి ఏరేటాయన కొన్నింటిని తీసి పారేసిండట, కొన్ని ఎట్లనో కట్టల్లో కలిసిపోయినయట. సేటుకు చెప్తవా అని భయంగా అడిగింది.

"చెప్త," అన్నడు ఇస్తారి. "అందరితోని అదే కట్టిపియ్యమంట."

బొమ్మ కాగితం తీసేసి తెల్లదారం కట్టియ్యమంటే, దారం చూసి బీడీ కొనేటోడు ఉంటడా అని సేటు ఎగిరిపడ్డడు. బొమ్మ గీసినోడే బొమ్మ తీసెయ్యమంటున్నడని ఊరంతా చెప్పుకొని నవ్విండు. కానీ బస్తాలు ఇంట్లో ఉన్నయి, మబ్బులు మీద ఉన్నయి. చివరికి ఒప్పుకున్నడు. ఆడోళ్లు పాత బీడీల మీద ఒక చుట్టు తెల్లదారం వేసిండ్రు. వదులుగా ఉన్నదానికి తెల్లదారం చుట్టొద్దని కొమురవ్వ వాళ్లమీద కన్నేసి కూచున్నది. సరుకులో సగం అట్లాంటివే అని పక్కన పడ్డయి, సేటు పండ్లు కొరికిండు, ఆమె మాత్రం వినలేదు. ఊడదీసిన అంజన్నలను పారేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇస్తారే మూటగట్టి మానేరులో కలిపి వచ్చిండు.

బండి పెద్దపల్లి స్టేషనుకు పోతుంటే తొలివాన పడ్డది. బస్తాల మీద ఇస్తారి తన తాడిపత్రి కప్పి, తాను తడిసిండు. కొన్నాళ్లకు గంగుబాయి మనిషితో కబురంపింది: ఇంకేవీ వద్దు, తెల్లదారంయే పంపుమని. ఆ వానాకాలమంతా కార్ఖానా తలుపులు తెరిచే ఉన్నయి.

ఆ తర్వాత కట్టలకు ఉత్త కాగితమే చుట్టిండ్రు, పేరు ప్రెస్సువాళ్లే అచ్చేసిండ్రు. సేటు మళ్లీ ఇస్తారిని బొమ్మకు పిలవలేదు. రాజం సేటును చూసి పక్క ఊళ్ల బీడీల సేట్లు కూడా పిలవలేదు.

మొన్న ఆయన కుంచెలు కడుగుతుంటే పక్కన కూచొని అడిగిన: జిల్లాలో అంత మంచి బొమ్మ గీసినోడివి, నీ పని నువ్వే ఎందుకు పోగొట్టుకున్నవు తాతా అని. కుంచెలు కడుగుకుంటనే చెప్పిండు.

"ఏడో క్లాసుదాక సదివినవు, గింత ఎరుక లేదార? బొమ్మ లేకున్నా నేను బతికిన. కార్ఖానకు తాళం పడితె మీ బాపమ్మ ఏం చుట్టి మీ బాపుకు బువ్వ పెడుతుండె? జరుగు, ఎండకు అడ్డమున్నవు."