చర్చి వరండాలో ఉయ్యాలలు

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. మా చర్చిలో పెద్దవాళ్లకు సాయంకాలం బడి పెడితే, చాపలు పరచడానికి వెళ్లినదాన్ని అక్కడే కూర్చుండిపోయాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. వేలు నాది, చదువు నాది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

కొండాపూర్‌లో పుట్టి పెరిగాను. చర్చి ఊడ్చే పని నాది. తొంభైల చివర్లో మా చుట్టూ బండలు పేల్చి గాజు మేడలు కడుతున్నారు. ఆ పనికి పాలమూరు నుంచి వచ్చినవాళ్లు చర్చి వెనక రేకుల షెడ్లలో ఉండేవాళ్లు.

పిల్లలకు ఆదివారం బడి చెప్పే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది. "ఈ ఒక్క వారం మీరు చూసుకోండమ్మా, తర్వాత ఎవరినైనా పెడదామండి" అన్నారు మా పాస్టరు అయ్యగారు. ఆయనది కోస్తా వైపు. చూసుకోవడమంటే అల్లరి చేయకుండా కూర్చోబెట్టడమని ఆయన ఉద్దేశం. నేను బైబిలు కథ అందుకున్నాను.

కొడుకును చంపేస్తారని భయపడి తల్లి బుట్టలో పెట్టి ఏట్లో వదలడం, వాడి అక్క ఒడ్డున నిలబడి కావలి కాయడం చెబుతున్నాను. కిటికీ బయట ఒక పిల్ల వింటోంది. షెడ్లలో ఉండే పిల్ల, ఎనిమిదేళ్లుంటాయేమో. చంకలో తమ్ముడు.

"గా అక్క బడికి పోయిందా?" అని చువ్వల్లోంచి అడిగింది.

లోపల పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఏమో బిడ్డా, గది రాయలే. తమ్మున్ని చూసుకుంట నిలవడ్డదని ఉంది, గంతే."

"మా లెక్కనే" అంటూ తమ్ముణ్ని ఇంకో చంకకు మార్చుకుంది.

"లోపలికి రా."

"రానియ్యరు. పోరడు ఉచ్చ పోస్తడు."

నిజమే. చంటిపిల్లలను హాల్లోకి తేకూడదని కమిటీ నియమం. కొత్త చాపలు మరి! తల్లులు ఆదివారం కూడా స్లాబు పనికి పోతారు, పిల్లను పిల్లే మోయాలి. చంక ఖాళీగా ఉన్న ఆడపిల్ల ఆ షెడ్లలో ఒక్కతీ లేదు. నియమం చంటివాళ్లకని పెట్టారు, పడింది మాత్రం వాళ్ల అక్కల మీద.

దేవుని పిలుపు అని అయ్యగారు ప్రసంగాల్లో అంటుంటే ఉరుములూ మెరుపులూ ఉంటాయేమో అనుకునేదాన్ని. నాకు అది కిటికీ చువ్వల్లోంచి వచ్చింది. ఆ పిల్లను బయట నిలబెట్టి లోపల నేను దేవుడి మాట చెప్పడమేంటి? ఒక్క వారానికని ఇచ్చిన పని ఇక వదిలేది లేదనుకున్నాను.

పై ఆదివారం నా పాత చీరలు తెచ్చి వరండా దూలానికి ఉయ్యాలలు కట్టాను. పని దగ్గర తల్లులు కట్టుకునే ముడి వాళ్లనే అడిగి నేర్చుకున్నాను. చంటివాళ్లు ఉయ్యాలల్లో, అక్కలు కింద చాప మీద, చేతిలో తాడు. హాల్లో పిల్లలను కూడా వరండాలోకే పిలిచాను.

సంఘపెద్ద వచ్చాడు. బాలానగర్ ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి, మాట్లాడితే సైరన్ మోగినట్టుంటుంది.

"ఏందమ్మా ఇది? దేవుని మందిరమా, కాన్పుల దవాఖానా?"

"ఆదివారం బడి అన్నా."

"ఊడ్వమంటే బడి వెడ్తవా? చదువుకున్నోళ్లు ఎవరన్న వస్తరు, నీకెందుకు పరేషాన్? ఇప్పు గివన్ని."

"నేను ఇప్ప. నువ్వే ఇప్పుకో. ముందుగాల లోపలున్న పోరన్ని ఎత్తుకో, లేకుంటే కింద వడ్తడు."

పంతానికి ఎత్తుకున్నాడు. ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకుని ఇంకో చేత్తో ముడి లాగాడు. ఆ ముడి ఒంటిచేత్తో రాదు. పిల్లవాడు లేచి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. దించుదామంటే కింద బండ. ఎవరికైనా ఇద్దామంటే అక్కలందరి చేతుల్లో తాళ్లు, హాలు పిల్లలేమో దూరం జరిగారు. నావైపు చాచాడు. నేను పుస్తకం దించలేదు. వేలు పెట్టి చదువుతూనే ఉన్నాను.

"జర ఊపు తాతా, ఊకుంటడు" అంది వాడి అక్క, పక్క ఉయ్యాల తాడు లాగుతూ.

ఊపాడు. ఏం చేస్తాడు? బడి అయ్యేదాకా వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. చొక్కా తడిసింది. నేను చూడనట్టే ఉన్నాను.

ఆ వారం కమిటీ కూర్చుంది. అయ్యగారు నన్ను పిలిచి, "హాల్లో మాత్రం కుదరదండి. వరండాలో అయితే చెప్పుకోండి. కానీ టీచరనే పేరు చదువుకున్న ఆవిడకే ఇస్తామంటున్నారు, ఏమీ అనుకోకండి" అన్నారు.

"పేరు మీ దగ్గరే ఉంచుకోండ్రి అయ్యగారూ" అన్నాను. "దూలం నాకియ్యుండ్రి."

ఇచ్చారు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.