కావేరి చార్జరు పీకింది నేనే

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉంది. మింగుదామంటే దిగదు, బయటికి చెప్దామంటే నోరు పెగలదు. ప్రతి ఆదివారం నేను జనం ముందర నిలబడి పాట ఎత్తుకుంటా. ఆడవాళ్లు ఆరాధన అయినాక నా దగ్గరికొచ్చి వాళ్ల తప్పులు చెప్పుకుని ఏడుస్తారు. నేను వీపు నిమిరి, దేవుడు చూసుకుంటాడులే అని పంపిస్తా. నాది మాత్రం ఎవరికీ చెప్పలా. మా ఆయనకి కూడా చెప్పలా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తా ఉన్నా.

నేను పాస్టరు భార్యని. వాకాడు దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. రేకుల కప్పు మందిరం మాది, చిన్న సంఘం. ఊళ్లో ఎక్కువ మంది చేపలు పట్టేవాళ్లు, పోలేరమ్మకి మొక్కేవాళ్లు. వాళ్లకి మాకు ఏ గొడవా లేదు. చేపలు వాళ్ల దగ్గరే కొంటాం, జ్వరమొస్తే ప్రార్థనకి వాళ్లూ వస్తారు.

ఇది జరిగిన ఏడాది తుఫానుకి కరెంటు స్తంభాలు వరసగా పడిపొయ్యినాయి. కాలవ దగ్గర రోడ్డు కోసుకుపొయ్యింది. బస్సు లేదు, ఆటో లేదు. సెల్ టవర్ మాత్రం డీజిల్ మీద నడుస్తా ఉంది. సిగ్నల్ నిండుగా ఉండేది, ఫోన్లలోనే చార్జింగు లేదు. ఊళ్లో జనరేటరు ఉండేది మా మందిరంలో ఒక్కచోటే. అదీ ఆరాధన జరిగినంతసేపే వేసేవాళ్లం, మైకు కోసం.

ఇంకేముంది! తుఫాను తర్వాత మొదటి ఆదివారం, ఎప్పుడూ మందిరం గడప తొక్కనోళ్లు కూడా చార్జరు చేతిలో పట్టుకుని పొద్దున్నే దిగినారు. బైబిలు వాక్యం చెప్తా ఉంటే ఒకరి ఫోన్లో సినిమా పాట, ప్రార్థనలో ఇంకొకరి ఫోన్లో కోడికూత. మా ఆయన శాంతమూర్తే, ఆ రోజు మాత్రం ఆయనకి ఒళ్లు మండింది. ఇది దేవుడి మందిరమా, సెల్లు షాపా అని అరిచినాడు. వచ్చే వారం నుంచి ఆరాధనలో ఫోను కనపడకూడదు, చార్జింగు అసలే పెట్టకూడదని కట్టడి చేసినాడు.

రెండో ఆదివారం కావేరి వచ్చింది. చేపలమ్ముకునే మనిషి, మా వీధిలోకి రోజూ వచ్చేది. వాళ్ల నాయన నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు, పక్కన వాళ్లన్న ఉన్నాడు. పోదామంటే దారి లేదు. ఫోను చూస్తే బ్యాటరీ అడుగంటింది. గడప బయటే నిలబడి మా ఆయనకి దండం పెట్టి ఏడ్చింది. ఆయన కరిగిపొయ్యినాడు. నువ్వొక్కదానివే పెట్టుకోమ్మా, మోగితే పాట మధ్యలోనైనా సరే పరిగెత్తుకొచ్చి ఎత్తుకో, ఎవరూ ఏమీ అనరు అన్నాడు.

జంక్షన్ బాక్సు కీబోర్డు పక్కన, నా కాళ్ల దగ్గర ఉంటుంది. దానికి మూడే సాకెట్లు. ఒకదాంట్లో మైకుది, ఒకదాంట్లో కీబోర్డుది. మూడోదాంట్లో కావేరి చార్జరు పెట్టి, స్విచ్చి వేసి, ఫోను వెలిగిందో లేదో వంగి చూసుకుని, పోయి వెనకాల చాప మీద కూర్చుంది. కొంగు తల మీదుగా కప్పుకుంది. పాటలు రావు పాపం, అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

ఫోన్లు వద్దన్న కట్టడి నాకు లేదు. నాది పరిచర్య కదా! నా ఫోను స్టాండుకి పెట్టి ఆరాధన లైవు ఇచ్చేదాన్ని. పరిచర్య అని పేరే గానీ, నిజం చెప్పాలంటే నా గొంతు నలుగురూ వినాలని. కోట ఊళ్లో ఉండే మా పిన్ని కూతురు లైవు కింద ఏదో ఒకటి రాసేది, ఎర్ర గుండెకాయలు పైకి లేచేవి. వాటికోసం నేను ఒక చరణం ఎక్కువ పాడేదాన్ని. సిగ్గుగా ఉంది రాయాలంటే. ఆ రోజు రెండో పాటలో నా ఫోను చార్జింగు అయిపోతా ఉందని చూపించింది. మైకు పీకలేను. కీబోర్డు పీకలేను. ఒక్క పాటే కదా అనుకున్నా. వంగి, మూడో స్విచ్చి ఆపి, కావేరిది పీకి నాది పెట్టి, మళ్లీ స్విచ్చి వేసినా. నిప్పురవ్వలు వస్తాయని స్విచ్చి ఆపి పీకడం నాకు అలవాటు. పాడుతూనే చేసినా ఇదంతా. ఎవరూ చూడలేదు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు.

పాట అయినాక మర్చిపొయ్యానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటా వచ్చినా. అది అబద్ధం. వాక్యం మధ్యలో గుర్తొచ్చింది. లేచి మారిస్తే అందరూ చూస్తారు, లైవు కట్టవుతుంది, ఇంకాసేపట్లో అయిపోతుందిలే అనుకుని కూర్చున్నా. ఆ లైవు ఆగిపోతే ఏం మునిగేది? ఎవరి ప్రాణం పోయేది? ఇప్పుడు నన్ను నేను అడుగుతా ఉన్నా ఈ ప్రశ్న. ఆ రోజు అడిగి ఉంటే వంగి ఒక్క ప్లగ్గు మార్చడానికి ఎంతసేపు పట్టేది? వెనక చాప మీద కావేరి నెమ్మదిగా కూర్చుని ఉంది. ఫోను మోగలేదు కాబట్టి నాయన బాగున్నాడని అనుకుంటా ఉంది, పిచ్చిది.

చివరి దీవెనకి అందరూ తల వంచినారు. మా ఆయన చేతులెత్తి దీవిస్తా ఉన్నాడు. నేను కళ్లు తెరిచి, స్విచ్చి ఆపి, నాది పీకి, దానిది మళ్లీ పెట్టినా. స్విచ్చి వెయ్యడం మర్చిపొయ్యినా. ఇది మాత్రం నిజంగానే మర్చిపొయ్యినా. ఆమెన్ అన్నాము. జనరేటరు ఆపేసినారు.

కావేరి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది. అది ఆరిపొయ్యి ఉంది. జంక్షన్ బాక్సు వైపు చూసింది.

"అక్కా, స్విచ్చి ఆపేసి ఉండాదే!"

స్విచ్చి మళ్లీ వెయ్యలేదని అప్పుడు తెలిసింది నాకు. అయినా నోరు దాని పని అది చేసింది.

"నువ్వే వేసి ఉండవు లేమ్మే. కంగారులో ఉన్నావు కదా, సరిగ్గా చూసుకోవద్దా?"

"వేసినానక్కా... వేసినట్టే ఉండాదే నాకు..."

"వేసుంటే ఎక్కేది కదా చార్జింగు!"

దాని మొహం ఎట్టా పాలిపొయ్యిందో నాకిప్పటికీ కనిపిస్తా ఉంది. "అంతేనేమోలే అక్కా, నా బుద్ధి యాడ ఉండాదో" అని నెత్తి కొట్టుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపినా. ఓదార్చినా కూడా. చూడండి నా నటన.

మధ్యాహ్నం మోకాటి లోతు నీళ్లలో నడుచుకుంటా ఊరవతల రొయ్యల గుంటల దాకా పొయ్యింది. అక్కడ కాపలా మనిషిని బతిమాలి ఇంజను మీద చార్జింగు పెట్టించుకుంది. ఫోను వెలగగానే వాళ్లన్న పెట్టిన వాయిస్ మెసేజి వినపడింది. మేము పాటలు పాడుకునే వేళకే నాయనకి ఆయాసం ఎక్కువైందంట. కావేరి గొంతు వినాలన్నాడంట. అన్న ఫోను మీద ఫోను చేసినాడు. స్విచ్ ఆఫ్, స్విచ్ ఆఫ్. అట్టా అడుగుతానే పొయ్యినాడు ఆ పెద్దాయన.

నాయన్ని ఎవరు పెట్టుకోవాలని అన్నకి దానికి అంతకు ముందే మాటా మాటా వచ్చి ఉంది. కావాలనే ఫోను ఆపేసుకుందని అన్న మనసులో పడిపొయ్యింది. నీళ్లు దాటుకుని కావేరి అన్న ఇంటికి పోయేసరికి మట్టి చెయ్యడం కూడా అయిపొయ్యింది. చావింట్లో అందరి ముందర వాళ్లన్న మొహం తిప్పుకున్నాడు. ఇప్పటికీ మాటల్లేవు. ఆ అన్న తన కూతురి పెళ్లికి ఊరంతా పిలిచి చెల్లెల్ని పిలవలేదు. స్విచ్చి వెయ్యడం మర్చిపొయ్యినానన్నా అని అది ఎన్నిసార్లు చెప్పి పంపినా ఆయన నమ్మలేదు. ఎట్టా నమ్ముతాడు? అబద్ధంలాగే ఉంది ఆ మాట. అబద్ధమే కదా, కాకపోతే అది దానిది కాదు, నాది.

నేనేం చేసినా? లైవు మానేసినా. కావేరి దగ్గర బేరమాడటం మానేసినా. దానికి అది మురిసిపొయ్యి గుప్పెడు రొయ్యలు ఎక్కువే వేసేది. వద్దంటే వినదు. ఆ రొయ్యలు వండి పిల్లలకి పెట్టేదాన్ని, నేను మాత్రం ముట్టేదాన్ని కాదు. చెప్దామని ఎన్నోసార్లు నోరు తెరిచినా. చెప్తే ఊరంతా పాకుతుంది, మా ఆయన మందిరంలో తల ఎత్తుకోలేడు, సంఘం చెదిరిపోతుంది అని నాకు నేను సర్ది చెప్పుకున్నా. ఆయన పరువని పేరు పెట్టుకున్నా గానీ, భయమంతా నా గురించే.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం కావేరి గంప దించి మా వరండాలో కూర్చుంది. జుట్టు నెరిసిపొయ్యింది. మా అన్న కలలోకొచ్చినా మాట్లాడలేదక్కా అన్నది. తర్వాత నన్నొక పని అడిగింది. నా నిర్లక్ష్యానికి మా నాయన నన్ను క్షమించేటట్టు మీ దేవుణ్ణి అడుగక్కా, నువ్వడిగితే వింటాడు అన్నది.

అప్పుడైనా చెప్పాలి కదా నేను? దాని తల మీద చెయ్యి పెట్టినా. ప్రార్థన చేసినా. ఈ బిడ్డ తెలియక చేసిన తప్పుని క్షమించు తండ్రీ అని, గట్టిగా, మా ఆయనకి లోపలికి వినపడేటట్టు. అది నా పాదాలు పట్టుకుని ఏడ్చింది. మనసు తేలికైంది అక్కా అని గంపెత్తుకుని పొయ్యింది.

ఆ రోజు నుంచి నేను ప్రార్థన చెయ్యలేకపోతా ఉన్నా. జనం ముందర పెదాలు కదిలిస్తా, అంతే. అందుకే ఇది రాయడం మొదలుపెట్టినా. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కావేరి చార్జరు పీకింది నేనే. స్విచ్చి ఆపింది నేనే. ఈ రెండు మాటలు కాగితం మీద చూసుకుంటా ఉంటే ఇన్నేళ్ల తర్వాత ఊపిరి నిండా ఆడినట్టుంది. ఇంతలో వీధిలో చేపలో చేపలు అని దాని కేక వినపడింది. నేను లేచి బయటికి పోలేదు.