మెట్ల కింద నిలబడ్డ ముగ్గురు

నేను డాన్సు నేర్పే గది మా మేడ మీద ఉంది. పైన రేకులు, కింద నున్నటి సిమెంటు నేల. కృష్ణపట్నం పోర్టుకు వెళ్లే రోడ్డు మా వీధి చివరే కాబట్టి, పొద్దున తుడిచిన నేల సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. బొగ్గు లారీలు తిరిగినంత కాలం ఇంతే. క్లాసుకు ముందు ఇద్దరు పిల్లలు తడిగుడ్డ పెడతారు. అయినా క్లాసు ముగిసేసరికి అందరి అరికాళ్లూ మసే. కొత్తగా చేర్పించిన తల్లులు అది చూసి ముఖం చిట్లిస్తారు. అరికాళ్లు చూసుకుంటూ కూర్చుంటే నాట్యం రాదని వాళ్ల ముఖం మీదే చెప్తాను. నా నోరు మొదటినుంచీ అంతే.

నేను గూడూరులో నేర్చుకున్నాను. మా గురువుగారు స్టేషనుకు దగ్గరలో ఒక పాత ఇంటి వసారాలో నేర్పేవారు. మొదటి ఆరు నెలలు ఒకే ఒక్క అడుగు. మోకాళ్లు వంచి అరమండిలో నిలబెట్టి, కర్రతో తాళం కొడుతూ, తొడలు వణుకుతున్నా లేవనిచ్చేవారు కాదు. "ఏడిస్తే ఏడువు, తాళం మాత్రం తప్పబాకు" అనేవారు. ఆవిడ దగ్గర ఒక నియమం ఉండేది. గజ్జెపూజ అయ్యేదాకా కాలికి గజ్జె కట్టకూడదు, గజ్జె లేకుండా స్టేజీ ఎక్కకూడదు. నటరాజు విగ్రహం ముందు గజ్జెలు పెట్టి, పసుపూ కుంకుమా వేసి పూజ చేసి, గురువు తన చేత్తో శిష్యురాలికి అందించాలి. నాకు ఆ గజ్జెలు అందేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ నియమం ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. నా సొంత క్లాసు పెట్టుకున్నప్పుడు అదే నియమం తెచ్చి ఇక్కడ పెట్టాను.

ఇప్పటి పిల్లలకు అవకాశాలకేం తక్కువ లేదు. స్కూలు వార్షికోత్సవాలు, ఊరూరా పోటీలు, పాల్గొన్న ప్రతివాళ్లకీ ఒక షీల్డు. చేరిన మూడో నెలకే "స్టేజీ ఎప్పుడు టీచర్?" అంటారు. ఫోనులో చూసి చేతులు నేర్చుకుని వస్తారు, కాళ్లు మాత్రం రావు. కాళ్లు ఒకరు ఎదురుగా కూర్చుని తాళం కొడితేనే వస్తాయి. ఆ పని చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల తక్కువ. అందుకే నాకు కొంచెం పొగరు ఉండేది. నేను కాదంటే ఈ పిల్లలు ఇంకెక్కడికి పోతారులే అనుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయే పిల్ల నా దగ్గరకు ఎనిమిదేళ్లప్పుడు వచ్చింది. తండ్రి పోర్టు కంపెనీ బస్సు నడుపుతాడు, తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. క్రైస్తవ కుటుంబం. చేర్చడానికి వచ్చిన రోజున తండ్రి గుమ్మం బయటే నిలబడి, "యాడ పాట వినపడినా ఈ పాప ఆడనే నిలబడిపోతా ఉంది టీచర్, మీరే ఏందో చూడండి" అన్నాడు. మేం క్లాసు మొదట్లో, చివర్లో నేలకు దండం పెడతాం, కాళ్లతో తొక్కుతున్నందుకు మన్నించమని. అది వాళ్లకు అభ్యంతరమేమో అని ముందే అడిగాను. తల్లి నవ్వేసింది.

"నేల గూడా దేవుడు చేసిందే గదా టీచర్, దండం పెడితే ఏమవుతాది? గోడ మీద దేవుడి పటానికి మాత్రం పెట్టదు. ఏమనుకోబాకండి."

ఏమీ అనుకోలేదు. ఆ తల్లి క్రమంగా మా క్లాసుకు కావలసిన మనిషి అయిపోయింది. డాన్సు దుస్తుల్లో ముందువైపు విసనకర్రలా విచ్చుకునే మడతలు ఉంటాయి. వాటిని నిలబెట్టి కుట్టడం నెల్లూరులో టైలర్లకు కూడా సరిగా వచ్చేది కాదు. ఆమె ఒక పాత దుస్తును విప్పి చూసి నేర్చేసుకుంది. అప్పటినుంచి మా పిల్లలందరి దుస్తులూ ఆమె చేతి మీదే.

ఇక ఆ పిల్ల సంగతి. నేను పాతిక మందిని చూస్తే ఒకరు అలా ఉంటారని కూడా చెప్పలేను. నా జన్మకు ఆ ఒక్కతే. పన్నెండేళ్లప్పుడు ఒక జోలపాటకు అభినయం నేర్పాను. తల్లి ఉయ్యాల ఊపుతుంది, బిడ్డ నిద్రపోతుంది, అంతే పాట. మిగతా పిల్లలు ఉయ్యాల వైపే చూస్తూ ఊపారు. ఈ పిల్ల ఊపుతూ ఊపుతూ మధ్యలో తలుపు వైపు చూసి, మళ్లీ బిడ్డను చూసి, ఏమీ ఎరగనట్టు ఊపడం మొదలుపెట్టింది. అటు ఎందుకు చూశావు అని అడిగాను.

"వాళ్లాయన సముద్రం మీదుండాడు టీచర్" అంది.

నేను అది నేర్పలేదు. అలాంటివి నేర్పితే వచ్చేవి కావు. ఆ రోజు నాకు ఎంత సంతోషం వేసిందో, ఒక మూల అంత అసూయా కలిగింది. ఆ వయసులో నాకు ఆ చూపు రాలేదు మరి.

దానికి పద్నాలుగో ఏడు నడుస్తుండగా ఒక అవకాశం వచ్చింది. నాట్యం నేర్చుకునే పిల్లలకు ఒక ఉపకార వేతనం ఉంది. పద్నాలుగు నిండకముందే దరఖాస్తు పెట్టాలి. దాని మీద గురువు సంతకం ఉండాలి. పిలుపు వస్తే విజయవాడ వెళ్లి, పెద్దల ముందు గజ్జె కట్టి ఆడి చూపించాలి. ఎంపికైతే పెద్ద గురువుల దగ్గర ఉండి, చదువుకుంటూనే ఏళ్ల తరబడి నేర్చుకోవచ్చు. బస్సు డ్రైవరు కూతురు నాట్యాన్నే బతుకుగా చేసుకోవడానికి నాకు తెలిసి అదొక్కటే దారి. జనవరిలో దానికి పద్నాలుగు నిండుతాయి. అంటే ఆ ఏడు తప్పితే మరి లేదు.

ఫారం నేనే తెప్పించాను. ఆ విజయదశమికి గజ్జెపూజ చేయాల్సిన పిల్లలు నలుగురు ఉన్నారు, ఈ పిల్ల ఐదోది. పూజ అయిపోతే సంతకం పెట్టి పంపేద్దామనుకుని తండ్రిని పిలిపించాను. ఆయన డ్యూటీ నుంచి నేరుగా యూనిఫారంలోనే వచ్చాడు. విషయం చెప్పాను.

"గజ్జెలు కట్టండి టీచర్, మాకూ సంతోషమే. ఆ విగ్రహం ముందర పూజంటేనే... మా అయ్యగారిని ఒక మాట అడిగి చెప్తా."

అయ్యగారంటే వాళ్ల చర్చి పాస్టరు. తండ్రి అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ క్లాసు జరుగుతోంది, పిల్లలందరూ వింటున్నారు, నాకు ముక్కు మీదే కోపం. "నా క్లాసులో ఏం చేయాలో మీ అయ్యగారు చెప్పాలా? ఇక్కడ పద్ధతి ఒకటుంది. ఇష్టమైతే రండి, లేకపోతే మానుకోండి. పూజ లేకుండా నేను గజ్జె ఇవ్వను, సంతకమూ పెట్టను" అన్నాను. ఆయన "సరే టీచర్" అని చెప్పులు వేసుకుని దిగిపోయాడు. పిల్ల వరుసలో నిలబడే ఉంది. నేను మళ్లీ కర్ర అందుకుని తాళం కొట్టాను. అది అడుగు తప్పలేదు.

విజయదశమి నాడు మేడంతా మామిడాకులు కట్టాం. నలుగురు పిల్లలూ ఆ తల్లి కుట్టిన దుస్తుల్లోనే వచ్చారు. పూజ సగంలో ఉండగా హారతికి కర్పూరం కోసం కిందికి కేకేద్దామని పిట్టగోడ దగ్గరకు వచ్చాను. మెట్ల కింద వాళ్లు ముగ్గురూ నిలబడి ఉన్నారు. తండ్రి తెల్ల చొక్కా వేసుకున్నాడు. తల్లి చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం ఏదో ఉంది. పిల్ల కొత్త దుస్తుల్లో, తల నిండా పూలతో ఉంది. వాళ్లెందుకు వచ్చారో నాకు తెలియదు. పోట్లాడటానికి వచ్చారని ఒక క్షణం, చూసి పోదామని వచ్చారని ఒక క్షణం అనిపించింది.

పిల్ల తలెత్తింది. నన్ను చూసింది. చేతులు జోడించబోయి, నేను పిలుస్తానేమోనని అలాగే ఆగింది.

"రా" అంటే సరిపోయేది. పైకి రావాలనుంటే వాళ్లే వస్తారు, నేనెందుకు పిలవాలి అనుకున్నాను. ఇంత రాసి ఇప్పుడు దాచడం ఎందుకు, అదే అనుకున్నాను. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాను. పూజ ముగించి, నలుగురికీ గజ్జెలిచ్చి, ప్రసాదం పంచి మళ్లీ బయటకు వచ్చి చూస్తే కింద ఎవరూ లేరు. గంట పైన అయ్యుంటుంది.

మర్నాటినుంచి ఆ పిల్ల క్లాసుకు రాలేదు. వస్తారులే, అవసరం వాళ్లది అని ఎదురుచూశాను. గురువు శిష్యుల గడప తొక్కకూడదని మా గురువుగారు అనేవారు. ఆ మాట నాకు ఆ రోజుల్లో భలే అక్కరకొచ్చింది. వాళ్లిల్లు మా వీధికి మూడో వీధి. ఫారం సొరుగులోనే ఉంది. ఆఖరి తేదీ వెళ్లిపోయింది, తర్వాత జనవరీ వెళ్లిపోయింది. తల్లి మాత్రం దుస్తులు కుట్టడం మానలేదు. పిల్లల చేత కొలతలు పంపితే కుట్టి పంపేది. ఆ పిల్ల ఎప్పుడైనా కాలేజీ బస్సు దగ్గర కనబడితే నమస్కారం పెట్టేది. నేను తలూపి నా దారిన పోయేదాన్ని.

ఏడేళ్లు గడిచాయి. ఈ మధ్య అలాంటి కుటుంబం నుంచే ఇంకో పాప చేరింది. వాళ్లమ్మ మొదటి రోజే భయపడుతూ గజ్జెపూజ సంగతి అడిగింది. "మీకు తెలిసిన ప్రార్థన మీరు చేసుకోండి, గజ్జె నేను కడతాను" అనేశాను. ఆ మాట ఎంతో తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది. ఏడేళ్ల కిందట కూడా అది ఇంతే పని. నేనేదో పెద్ద మనసుతో మారానని కాదు. వయసు మీదపడి పట్టుదల సడలింది, అంతే. అది సడలేసరికి ఆ పిల్ల కాలం దాటిపోయింది. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను, మొదటిసారి.

తల్లి మిషను మీదే ఉంది. నన్ను చూసి గబగబా బట్టలు పక్కకు తీసి కుర్చీ వేసింది. పిల్ల కావలిలో డిగ్రీ చదువుతోందట, హాస్టల్లో ఉంటుందట. డాన్సు చేస్తోందా అని అడిగాను.

"ఎక్కడ టీచర్. క్రిస్మస్‌కి చర్చిలో పిల్లకాయలకి నేర్పమంటేనే నేర్పదు. మోకాళ్లు నొప్పులంటాది. ఈ వయసులో నొప్పులేంది చెప్పండి?"

అని లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చింది. అందులో గజ్జెలు. తోలు పట్టీల మీద వరసగా కుట్టిన ఇత్తడి మువ్వలు, ఒక్కసారి కూడా కట్టనివి. పట్టీలు బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఆ దసరా నాడు తీసకొచ్చినాం టీచర్. అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చినాడు. పటానికి మొక్కే పని లేదు, మీ టీచర్ కాళ్లకి మొక్కి ఆమె చేత్తోనే కట్టించుకోమ్మా అని చెప్పినాడు. మీకొక చీర గూడా పెట్టినాం పళ్లెంలో. పైన పూజ జరగతా ఉంటే మధ్యలో పోకూడదు, టీచరే చూసి పిలుస్తాదని ఈయన మమ్మల్ని కిందనే నిలబెట్టేసినాడు."

మళ్లీ ఎందుకు రాలేదమ్మా అని అడిగాను.

"ఆయనకి శానా కోపమొచ్చింది టీచర్, తప్పుగా అనుకోబాకండి. చూసి గూడా పిలవలేదు, ఇంక ఆ మెట్లెక్కేది లేదన్నాడు. పాప ఒప్పుకోలే. టీచర్ చూడలేదు నాయనా, నేను పైకే చూస్తా ఉన్నా గదా, ఆమె ఇటు రానే లేదు అనింది. ఆయన నమ్మకపోతే బైబిలు తెచ్చి చెయ్యి పెట్టి చెప్పింది. మేం ఒట్లు పెట్టం టీచర్, అయినా చెప్పింది. అప్పుడాయన చల్లబడి, సరే అయితే రేపు మళ్లీ పోదాం పా అన్నాడు. అప్పుడు మాత్రం వద్దనింది. ఎంత అడిగినా ఎందుకో చెప్పలే." ఆమె గజ్జెల మీద దుమ్ము పైటతో తుడిచింది. "అయినా మీరు చూసుంటే పిలవకుండా ఉంటారా?"

చిన్నప్పటినుంచీ పటానికి దండం పెట్టని పిల్ల అది. అందుకే నేను దానికి గజ్జె ఇవ్వలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చెప్పకుండా లేచి వచ్చేయవచ్చు, ఆ ఇంట్లో నా గౌరవం ఎప్పటిలాగే ఉండేది. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

"చూశానమ్మా" అన్నాను. "అదీ నన్ను చూసింది. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం."

ఆమె చెయ్యి ఆగిపోయింది. నా వైపు కాదు, డబ్బా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను.

"బైబిలు పట్టుకోని చెప్పింది టీచర్" అంది.